అమ్మ చదివిన ఇంగ్లీషు నవలలు

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఇంగ్లీషు నవలలు చదివేది అమ్మ ఒక్కతే. అమ్మకి ఇంగ్లీషు రాదు. ఈ రెండు మాటలూ కలిపి చెబితే మా మనవరాలు నన్ను ఎగాదిగా చూస్తుంది, అమ్మమ్మకి మతి తప్పిందేమోనన్నట్టు. మతి బాగానే ఉంది. జరిగింది కూడా అదే.

మేము ఇండియానుంచి ఈ దేశంలోని లోవర్ హట్ అనే ఊరికి వచ్చేనాటికి నాకు ఎనిమిదేళ్లు. నాన్నకి రైల్వే వర్క్‌షాపులో ఉద్యోగం. అప్పుడు ఈ లోయ మొత్తానికి తెలుగు మాట్లాడే ఇల్లు మాదొక్కటే. నాన్న పొద్దున్నే సైకిలెక్కి వెళ్ళిపోయేవారు, నేను బడికి వెళ్ళిపోయేదాన్ని, అమ్మ ఒక్కతీ చెక్క ఇంట్లో ఉండిపోయేది. సముద్రం వైపు నుంచి గాలి లేచిందంటే ఇల్లంతా కిర్రుకిర్రుమనేది. అమ్మ రోజుకి నాలుగుసార్లు గేటు దాకా వెళ్ళి ఉత్తరాల డబ్బా తెరిచి చూసి వచ్చేది. పోస్టతను రోజుకి ఒక్కసారే వస్తాడని ఆవిడకి తెలుసు. అయినా వెళ్ళేది.

పక్కింట్లో ఒక ఆంటీ ఉండేది. అరవై దాటిన తెల్లావిడ, బడిలో లైబ్రరీ చూసుకుంటూ రిటైరయింది. పువ్వుల గౌన్లు, పెదాలకి ఎర్రరంగు, తోటలో మట్టి పిసుకుతున్నా మెడలో ముత్యాలు. మొదట్లోనే అమ్మ నాచేత అడిగించింది, మీవారు ఎక్కడుంటారని. ఆంటీ చెయ్యెత్తి ఎదురుగా ఉన్న కొండ చూపించింది. ఆయన కొండమీద ఏదో కొలువు చేస్తున్నాడని మా అమ్మ ఏడాదిపాటు అనుకుంది. ఇంతకాలం ఇంటికి రాకుండా ఇదేం ఉద్యోగమని జాలిపడేది కూడా.

ఒకరోజు ఆ ఆంటీ కంచె మీదుగా బకెట్టు నిండా నిమ్మకాయలు అందించింది. మా అమ్మ పుట్టి బుద్ధెరిగాక ఎవరి గిన్నె వాళ్ళకి ఖాళీగా తిరిగిచ్చిన మనిషి కాదు. అందుకని ఆ బకెట్టులో పులిహోర గిన్నె పెట్టి పంపింది. ఆంటీ వారం తిరగకుండా అదే బకెట్టులో జామకాయల్లాంటి ఫిజోవా పళ్ళు పంపింది. అమ్మ జంతికలు పంపింది. ఇలా బకెట్టు అటూ ఇటూ తిరిగి తిరిగి, చెట్ల మీద కాయలయిపోయే కాలం వచ్చింది. అప్పుడు ఆంటీ అందులో ఒక పుస్తకం పెట్టి, గాలికి అట్ట చెదరకుండా టీ టవలు చుట్టి పంపించింది. పిల్ల చదువుకుంటుందని చెప్పింది.

అది విక్టోరియా రాణి కాలంలో లండన్‌లో పేరు మోగిపోయిన ఒక నవలాకారుడి పుస్తకం. ఆంటీ వాళ్ళ తాతమ్మ ఇంగ్లండునుంచి ఓడలో వస్తూ ఆయన నవలలు తొమ్మిది సంపుటాలు పెట్టెలో పెట్టుకుని తెచ్చుకుందట. ఆంటీ ఈ దేశంలోనే పుట్టింది, ఇంగ్లండు గడప తొక్కనేలేదు. అయినా దాన్ని 'హోమ్' అనేది. మొదటి పేజీలో ఆ రచయిత బొమ్మ, గుండెలదాకా గడ్డం. అమ్మ పుస్తకాన్ని కళ్ళకద్దుకుని తెరిచి, ఆయన్ని చూడగానే 'గడ్డం మాస్టారు' అని పేరు పెట్టేసింది. అక్షరాలు చీమల్లా ఉండేవి, నాకు ఒక్క వాక్యం కూడా కొరుకుడు పడలేదు. కానీ పాతిక ముప్ఫై పేజీలకొకటి చొప్పున బొమ్మలుండేవి. రంగుల్లేని సన్నగీతల బొమ్మలు. పొట్టలాయరు, ముక్కు వంకరగా ఉన్న గుమస్తా, తాళంచెవుల గుత్తి పట్టుకున్న ముసలమ్మ, గుర్రబ్బళ్ళు, పొగగొట్టాలు. ముఖాల్లో ఎంత జీవమంటే, వాళ్ళు మనల్ని చూసి ఏదో అనబోతున్నట్టే ఉండేది.

నేను బడినుంచి వచ్చాక అమ్మ టీ పెట్టుకుని, నాకు పాలిచ్చి, పుస్తకం ఒళ్ళో పెట్టుకునేది. బొమ్మ మీద వేలుపెట్టి కథ చెప్పేది. మా అమ్మ కథలో వరసలేని మనిషి ఉండడు. పొట్టలాయరు ముసలమ్మకి మరిది, గుమస్తా ఆవిడ ఆడపడుచు కొడుకు, వాళ్ళకీ వీళ్ళకీ మాటల్లేవు, ఎందుకంటే పదేళ్ళ క్రితం ఒక పెళ్ళిలో పీటల దగ్గర గొడవైంది. ఒక సంపుటం అయిపోతే బకెట్టులో అరిసెలతో పాటు వెనక్కి వెళ్ళేది, ఇంకోటి వచ్చేది. అమ్మకి ఇదంతా ఎలా తెలుసని నేను ఎప్పుడూ అడగలేదు. అమ్మ అన్నాక తెలియక ఏమవుతుందనుకున్నాను. ఆ సాయంత్రాల్లో మాత్రం అమ్మ గేటు వైపు చూసేది కాదు.

వాటిలో నాకు ప్రాణంగా ఉండే బొమ్మ ఒకటుండేది. రాతిమెట్ల ముందు గుర్రబ్బండి ఆగి ఉంటుంది. ఒక ముసలాయన చెయ్యి పట్టుకుని చిన్నవయసు అమ్మాయి దిగుతుంటుంది. ఒంటినిండా తెల్లబట్టలు, నెత్తిమీంచి తెల్లటి ముసుగు, తల వంచుకుని ఉంటుంది. పాపం మొగుడు పోయాడు, అని చెప్పింది అమ్మ. అత్తారింట్లో పడుంటే తండ్రి ఉండబట్టలేక బండి కట్టించుకుని వెళ్ళి కూతుర్ని పుట్టింటికి తెచ్చేసుకున్నాడు. చేతిలో పూలున్నాయేమని అడిగాను. తలలో పెట్టుకోకూడదు కదా, పూలంటే ఇష్టం చావక చేత్తో పట్టుకుందని చెప్పింది. ఆ పక్కనే నల్లగౌనులో ఉన్నావిడ మాత్రం నల్లపట్టు కట్టుకుని పెళ్ళిళ్ళకి తిరిగే జమీందారిణి, ఎవరినీ ఖాతరు చేయదు. తెల్లబట్టల అమ్మాయి ఇంటికొచ్చే కథ నేను పదిసార్లైనా చెప్పించుకున్నాను. ప్రతిసారీ కొత్తగా ఏదో ఒకటి కలిపేది.

రెండో ఏడు బడిలో టీచరు, ఇంట్లో ఉన్న మంచి పుస్తకం తెచ్చి కథ చెప్పమంది. నాకు అప్పటికే నోరు పెద్దది. అందరూ చాపమీద కూర్చుంటే నేను నిలబడి, ఆ సంపుటం తెరిచి, తెల్లబట్టల అమ్మాయి కథ అమ్మ చెప్పినట్టే పొల్లుపోకుండా చెప్పాను. టీచరుకి అర్థం కాలేదు. పుస్తకం తీసుకుని బొమ్మ కింద ఉన్న వంకర అక్షరాలు చదివింది. అది పెళ్ళిరోజు. ఆ అమ్మాయి పెళ్ళికూతురు, తండ్రి చర్చికి తీసుకొస్తున్నాడు. మొగుడు పోయినావిడ ఆ నల్లగౌనావిడ. పిల్లలందరూ గొల్లున నవ్వారు. పెళ్ళికూతురు ఎలా ఉంటుందో కూడా తెలియదా అన్నాడొకడు. టీచరు వాడిని కసిరి, నా భుజం తట్టింది. దాంతో నాకు ఇంకా ఏడుపొచ్చింది.

ఇంటికొచ్చి పుస్తకం బల్లమీద పడేశాను. నువ్వు చెప్పినవన్నీ అబద్ధాలన్నాను. అక్కడితో ఆగలేదు. అప్పటిదాకా అమ్మతో ఇంగ్లీషులో ఒక్కముక్క మాట్లాడని దాన్ని, ఆ రోజు కావాలని ఇంగ్లీషులోనే అన్నాను, నీకు చదవడమే రాదని. ఆ మాటకి అర్థం తెలియడానికి అమ్మకి పెద్ద ఇంగ్లీషేమీ అవసరం లేదు, నా మొహం చాలు. అమ్మ పుస్తకం తుడిచి, టవలు చుట్టి, బకెట్టులో పెట్టి వెళ్ళి కంచె దగ్గర ఇచ్చేసి వచ్చింది. బకెట్టులో పుస్తకం తప్ప ఇంకేమీ పెట్టలేదు. ఒక్క జంతిక ముక్క కూడా లేదు.

తర్వాత రెండు వారాలు అమ్మ కథ చెప్పలేదు. పాలిచ్చేది, జడ వేసేది, అన్నం పెట్టేది, అడిగినదానికి జవాబు చెప్పేది. కోపం లేదు. కోపమైతే బాగుండేది, కాళ్ళు పట్టుకునైనా తీర్చేదాన్ని. టీ కప్పు పట్టుకుని గేటు దగ్గర నిలబడేది, నేను పక్కన నిలబడినా గమనించేది కాదు. నా నోటి దురుసుతో అమ్మకి ఈ ఊళ్ళో ఉన్న ఒక్క ఊసూ లేకుండా చేశానని నాకు లోపల తెలుస్తూనే ఉంది. క్షమించమని అడగడం మాత్రం రాలేదు. అమ్మ ఇక ఎప్పటికీ ఇలాగే ఉండిపోతుందేమోనని భయం వేసింది.

ఆంటీకి మన ఆచారాలు ఎవరూ చెప్పలేదు. కానీ ఏడాదిపాటు ఒక్కసారి కూడా ఖాళీగా రాని బకెట్టు ఖాళీగా వచ్చిందంటే ఏదో జరిగిందని పట్టేసింది. ఒక శనివారం పొద్దున మా తలుపు కొట్టి, టీకి రమ్మని ఇద్దరినీ పిలిచింది. అమ్మ రానంది. ఆంటీ గుమ్మంలోంచి కదలలేదు. చివరికి అమ్మ చీర మార్చుకుని బయల్దేరింది, ఉత్త చేతులతో ఎలా వెళ్ళడమని మరమరాల ఉండలు నాలుగు పొట్లం కట్టుకుని మరీ.

ఆంటీ వంటగది బల్లమీద స్కోన్లని వాళ్ళు చేసుకునే మెత్తటి రొట్టెలు, జాము, వాటి పక్కన తొమ్మిదో సంపుటం. అది మా ఇంటికి ఎప్పుడూ రాలేదు. ఆంటీ నన్ను మధ్యలో కూర్చోబెట్టి, నేను చెప్పేది మీ అమ్మకి తెలుగులో చెప్పు అంది. ఆ గడ్డం మాస్టారు ఒక రేవు పట్టణంలో గడియారాలు బాగుచేసే అతని కొడుకట. నవలలు నెలకి కొంచెం చొప్పున రాసేవాడట, జనం నెల నెలా కాచుకుని కూర్చునేవాళ్ళట. అచ్చు వెయ్యడానికి పలక మీద బొమ్మ చెక్కాలంటే చాలా రోజులు పట్టేది కనుక, ముందే బొమ్మలాయనకి ఉత్తరం రాసి, ఇలాంటి బొమ్మ వెయ్యి అని చెప్పేవాడట. అంటే బొమ్మ ముందు, కథ తర్వాత. బొమ్మ చూశాక ఒక్కోసారి ఆయనే మనసు మార్చుకుని కథ ఇంకోలా రాసేవాడని కూడా ఆంటీ చెప్పింది. ఈ తొమ్మిదో నవల సగంలో ఉండగా ఆయన పోయాడు. చివరి రెండు బొమ్మలు అప్పటికే తయారైపోయాయి. వాటికి కథ లేదు.

ఆంటీ ఆఖరి బొమ్మ తెరిచి అమ్మ ముందుకి జరిపింది. ఇందులో ఏం జరుగుతోందో మీ అమ్మని చెప్పమను అంది.

అమ్మ బొమ్మ వైపు చూడలేదు. "నాకు చదవటం రాదని చెప్పవే ఆవిడకి," అంది.

ఆ మాట నేనే ఇంగ్లీషులోకి మార్చాలి. ఇంకెవరున్నారు? తల వంచుకుని చెప్పాను. ఆంటీ నన్ను ఒక్కక్షణం పరీక్షగా చూసింది, బడిలో పిల్లలతో వేగిన మనిషి కదా, అంతా అర్థమైపోయింది.  "ఇక్కడ చదవడానికి ఏమీ లేదని చెప్పు. ఇది ఎవరికీ తెలియదు. మా నాన్నకి తెలియదు, లండన్‌లో ప్రొఫెసర్లకి తెలియదు," అంది.

అమ్మ అప్పుడు చూసింది. పెద్ద ఇంటి వాకిలి. బయట వానలో గుర్రబ్బండి. గుమ్మంలో గొడుగు పట్టుకుని ఒక ముసలాయన. లోపల మెట్ల చాటున, ముఖం సరిగా కనబడకుండా, తెల్లబట్టల్లో ఒక ఆడమనిషి. అమ్మ చాలాసేపు చూసింది. ఆంటీ తొందరపెట్టలేదు, స్కోను కూడా ముట్టుకోలేదు.

తర్వాత అమ్మ మెల్లగా మొదలుపెట్టింది. అతను తండ్రి. ఇది కూతురి అత్తారిల్లు. అల్లుడు పోయి పదకొండేళ్ళయింది. ఇన్నాళ్ళూ రాలేదు, వస్తే ఊళ్ళో వాళ్ళు ఏమనుకుంటారోనని. కూతురు వంటింట్లో ఉంది. బండి చక్రాల చప్పుడు విని, ఎవరో చుట్టాలొచ్చారనుకుని ఇంకో గిద్దెడు బియ్యం కడిగింది. లండన్ ఇంట్లో బియ్యమేమిటని నాకు నాలుకదాకా వచ్చింది. నోరు మూసుకుని, బియ్యమనే ఇంగ్లీషులో చెప్పాను. అమ్మ వేలు బొమ్మ మీద మెట్ల దగ్గరికి వెళ్ళింది.

"అక్క ముందు బయటికి రాలేదు," అంది అమ్మ. "తలుపు చాటునుంచే అడిగింది, ఎవర్ని చూట్టానికొచ్చారు నాన్నా అని."

నేను ఆగిపోయాను. అంతకుముందు వరకూ ఆ అమ్మాయి, కూతురు అంటూ వచ్చిన అమ్మ ఇప్పుడు అక్క అంది. ఎవరి అక్క అని అడిగాను. "మీ పెద్దమ్మే," అంది అమ్మ, బొమ్మ మీంచి కళ్ళు తియ్యకుండా.

నాకొక పెద్దమ్మ ఉందని తెలుసు. ఎక్కడో ఉంటుంది, ఫొటోల్లో ఉండదు, అంతవరకే తెలుసు. ఇరవై ఏళ్ళకే బొట్టు పోయిందనీ, అత్తారింట్లో పదిమందికీ వండుతూ ఉండిపోయిందనీ, మా తాతయ్య ఏనాడూ ఆ గుమ్మం తొక్కలేదనీ ఆ వంటగదిలోనే మొదటిసారి విన్నాను. అమ్మ చెప్పింది, నేను ఆంటీకి చెప్పాను. చెబుతుంటే నాకు అమ్మ కథలన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. పొట్టలాయరు కథలోనూ, ముసలమ్మ కథలోనూ ఎవరో ఒకరు బండి కట్టుకుని వెళ్ళి ఎవరినో ఇంటికి తెచ్చేవాళ్ళు. నేను అబద్ధమని బల్లమీద పడేసింది ఆ పుస్తకాన్ని కాదు. మా పెద్దమ్మ కోసం అమ్మ రోజూ కట్టిస్తున్న బండిని.

అంతా విన్నాక ఆంటీ లేచి చల్లారిన టీ పారబోసి మళ్ళీ పోసింది. తన సంగతి చెప్పింది. భర్త పోయి అప్పటికి పంతొమ్మిదేళ్ళు. ఆయన కొండమీద కొలువు చెయ్యడం లేదు, ఆ కొండ మీది సమాధుల్లో ఉన్నాడు. అమ్మ ఆ ముత్యాలనీ, ఎర్ర పెదాలనీ చూసి కొయ్యబారిపోయింది. ఆయన పోయిన చలికాలంలో ఆంటీ తమ్ముడు హామిల్టన్ నుంచి పొద్దస్తమానం డ్రైవ్ చేసుకుని వచ్చి, నాతో వచ్చెయ్ అక్కా అన్నాడట. "నేను వెళ్ళలేదు," అంది ఆంటీ. "కానీ వాడు వచ్చాడు. ఇన్నేళ్ళూ నేను దాని మీదే బతికానని మీ అమ్మకి చెప్పు."

ఇంటికి వచ్చేటప్పుడు కంచె పక్కన అమ్మ ఆగింది. "మా నాన్న వెళ్ళలేదే," అంది. "నేనైనా వెళ్ళమని అడగలేదు. ఆయనకి కోపమొస్తుందని భయపడ్డా." నేను అమ్మ నడుం పట్టుకుని ఏడ్చాను. అన్నదానికి సిగ్గుగా ఉందమ్మా అన్నాను, ఈసారి తెలుగులో. అమ్మ నా నెత్తిన చెయ్యి వేసి, "పిచ్చిమొహమా, పెళ్ళికూతుర్ని పట్టుకుని వెధవరాలన్నాన్రా భగవంతుడా," అని నవ్వడం మొదలుపెట్టింది. నవ్వుతూ నవ్వుతూ ఏడ్చేసింది.

మర్నాడు మధ్యాహ్నం అమ్మ విమానంలో వెళ్ళే నీలం ఉత్తరం ఒకటి తీసి తాతయ్యకి రాసింది. నేను పక్కనే ఉన్నాను. 'నాన్నా, అక్క దగ్గరికి ఒకసారి వెళ్ళండి. వెళ్ళి రమ్మని పిలవండి. వచ్చేదీ రానిదీ అక్క ఇష్టం.' అంతే రాసింది. మిగతా కాగితమంతా ఖాళీగానే వదిలేసి అంటించింది.

నెలన్నర దాకా జవాబు లేదు. వచ్చాక చూస్తే చేతిరాత తాతయ్యది కాదు. అమ్మ గేటు దగ్గరే చింపి చదివింది. నాన్న వచ్చారే, అని రాసింది పెద్దమ్మ. గుమ్మంలోనే నిలబడ్డారు, లోపలికి రాలేదు, పదమ్మా అన్నారు, ఉన్న రెండు చీరలూ మూట కట్టుకుని వచ్చేశాను. అమ్మ గడ్డిలో చతికిలబడి బిగ్గరగా ఏడ్చింది. ఆంటీ చేతులకి మట్టితోనే పరుగెత్తుకొచ్చింది. ఏమైందని నన్ను అడిగితే, వచ్చారని మాత్రమే చెప్పగలిగాను. ఆవిడకి అది చాలింది.

నాలుగేళ్ళ తర్వాత మేము ఇండియా వెళ్తే తాతయ్య ఇంటి తలుపు తీసింది పెద్దమ్మే. లేత నీలంరంగు చీర కట్టుకుని ఉంది. ఎవరు కట్టుకోమన్నారో నేను అడగలేదు. అక్కాచెల్లెళ్ళిద్దరూ ఆ నెలంతా వంటింట్లోంచి బయటికి రాలేదు, ఏం మాట్లాడుకున్నారో వాళ్ళకే తెలియాలి.

ఇప్పుడు అమ్మ లేదు, పెద్దమ్మ లేదు, ఆంటీ కూడా ఆ కొండమీదికే వెళ్ళిపోయింది. ఆ రచయిత నవలలు నేను తర్వాత తొమ్మిదీ చదివాను. గొప్పగా రాశాడు మహానుభావుడు, కాదనను. లైబ్రరీలో దొరుకుతాయి, ఫోనులో కూడా దొరుకుతాయి. కానీ అమ్మ కథలు వాటిలో ఎక్కడా లేవు. పొట్టలాయరు వదినతో చివరికి మాట్లాడాడో లేదో నాకు గుర్తు లేదు. అడుగుదామంటే మనిషి లేదు. అన్నింటికంటే నా నోటి పుణ్యమా అని అమ్మ చెప్పకుండా ఉండిపోయిన ఆ రెండు వారాల కథల మీద నాకు బెంగ. రోజుకొకటి లెక్కన పద్నాలుగు. ఈ వయసులో ఏ వస్తువు మీదా నాకు ఇంత ఆశ లేదు.

మా మనవరాలు వచ్చీరాని తెలుగులో ఏదో కథ చెబుతూ ఉంటుంది. తల లేదు, తోక లేదు, వరసలన్నీ తప్పు. దిద్దుదామని నోరు తెరుస్తాను, మళ్ళీ మూసుకుని చివరిదాకా వింటాను. మధ్యలో ఆపేస్తే ఎవరు ఇంటికి చేరకుండా ఉండిపోతారో మనకేం తెలుసు.